ఇళ్లకు వెళ్లే సంరక్షణ సిబ్బంది భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

వృద్ధులు, దివ్యాంగులు, మంచం పట్టినవాళ్లు, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లు, బడి మానేసిన పిల్లలు. వీళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రావడం మన పని. నెల్లూరు జిల్లాలోనూ పక్కన ప్రకాశంలోనూ ఫీల్డులో తిరిగే ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయం సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ప్రతి శిక్షణలోనూ ఇవే సందేహాలు అడుగుతుంటే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అక్కడికి వెళ్లి చదువుకోండి. "ధైర్యంగా ఉండండి" అన్న సలహా మాత్రం ఇందులో దొరకదు. సిబ్బంది క్షేమంగా తిరిగి రావడం ఆఫీసు చేయాల్సిన ఏర్పాటు, దాన్ని మీ గుండె ధైర్యం మీద వదిలేయకూడదు.

## బయలుదేరే ముందు

ఒక్కదాన్నే పంపిస్తున్నారు. వెళ్లనని అనొచ్చా?

అనొచ్చు. కాకపోతే "భయమేస్తోంది సార్" అని ఊరుకుంటే "ఏం కాదులేమ్మా, వెళ్లిరా" అనేస్తారు. కారణం చెప్పండి. పోయినసారి ఆ ఇంటి కొడుకు తాగొచ్చి మీదికొచ్చాడు, ఇల్లు ఊరికి దూరంగా చేలో ఉంది, ఆ వైపు ఫోను పనిచేయదు అని చెప్తే కాదనడం కష్టం. వాట్సాప్‌లో రాసి పంపితే ఇంకా మంచిది. రాసి పంపినదాన్ని "నాకు చెప్పలేదే" అనలేరు.

నా లెక్కలో కొన్ని ఇళ్లకు ఒక్కరే అసలు వెళ్లకూడదు. ఎవరికీ పరిచయం లేని కొత్త ఇల్లు, పింఛను ఆగిపోయిందని చెప్పాల్సిన ఇల్లు, పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకెళ్లే ప్రస్తావన ఉన్న ఇల్లు, ముందెప్పుడో గొడవ జరిగిన ఇల్లు. "మనుషులు లేరమ్మా" అనే జవాబు ఎటూ వస్తుంది. అప్పుడు ఆ ఊరి ఆశానో, అంగన్‌వాడీ ఆయానో, సచివాలయం మహిళా పోలీసునో తోడు అడగండి. అదీ కుదరకపోతే ఆ కుటుంబాన్నే సచివాలయానికో పీహెచ్‌సీకో రమ్మనండి. మంచం దిగలేని వాళ్లను తప్పిస్తే మిగతావాళ్లలో చాలామందితో బయటే మాట్లాడొచ్చు.

కొత్త ఇంటికి వెళ్తున్నా. ముందు ఏం కనుక్కోవాలి?

జబ్బు గురించీ పింఛను గురించీ ఫైల్లో ఉంటుంది. మీకు కావాల్సింది ఫైల్లో ఉండదు. ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు, ఏ వేళకు ఎవరు ఉంటారు, తాగేవాళ్లున్నారా, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా నడుస్తోందా, కుక్క ఉందా, ఇల్లు రోడ్డు మీదా సందు చివరా, మనకన్నా ముందు వెళ్లినవాళ్లకు ఏ అనుభవం ఎదురైంది. ఇవన్నీ ఆ వీధి ఆశాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

పొలం తగాదాను తేలిగ్గా తీసుకోకండి. ముసలాయన్ని చూడ్డానికి వచ్చిన మనిషిని చిన్న కొడుకు పంపాడేమో, వేలిముద్ర కోసం వచ్చిందేమో అని పెద్ద కొడుక్కి అనుమానం. మన మీదికి వచ్చేది చాలాసార్లు మనం చూడబోయిన మనిషి కాదు, పక్కగదిలో ఉన్నవాడు.

ఎక్కడికి వెళ్తున్నానో ఎవరికి చెప్పాలి? గ్రూపులో పెడితే చాలదా?

చాలదు. గ్రూపులో అందరూ చూస్తారు, ఎవరూ పట్టించుకోరు. ఆ రోజు మీ కబురు చూసే బాధ్యత ఎవరిదో పొద్దున్నే పేరుతో తేల్చుకోండి. ఆ మనిషి దగ్గర మీరు వెళ్లే ఇళ్ల వరుస, ఒక్కో ఇంటికి పట్టే టైము, మీ బండి నంబరు, మీ ఇంట్లోవాళ్ల ఫోను ఉండాలి. ఇంటి గుర్తు కూడా రాయండి. పల్లెలో డోర్ నంబరుతో ఇల్లు దొరకదు, "రామాలయం వెనక, నీలం గేటు" అంటే దొరుకుతుంది.

లోపలికి వెళ్లేముందు "వెళ్తున్నా" అని, బయటికి రాగానే "వచ్చేశా" అని మెసేజ్ పెట్టండి. అనుకున్న టైము దాటి పావుగంటైనా "వచ్చేశా" రాకపోతే ఆ మనిషి ఫోను చేయాలి. ఎత్తకపోతే ఐదు నిమిషాలాగి మళ్లీ చేయాలి. అప్పటికీ పలకకపోతే ఆ వీధిలో తెలిసినవాళ్లకు, వెంటనే అత్యవసర నంబరు 112కి. ఈ వరుస రాసి ఆఫీసు గోడకు అంటించాలి, ఎందుకంటే ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఈ ఏర్పాటు ఎక్కువగా తెగిపోయేది సాయంత్రం చివరి ఇంటి దగ్గర. కబురు చూడాల్సిన ఆమె ఐదింటికి బస్సెక్కేస్తుంది, మీరు ఐదున్నరకు ఇంకా ఎవరింట్లోనో ఉంటారు. చివరి మనిషి బయటికి వచ్చేదాకా ఆమె డ్యూటీ అయిపోనట్టే.

ఫోన్లో లైవ్ లొకేషన్ పెట్టి వెళ్తే సరిపోతుందిగా?

పెట్టండి, మంచిదే. వాట్సాప్‌లో 8 గంటల దాకా పెట్టుకోవచ్చు. కానీ డేటా పోయినచోట చుక్క ఆగిపోతుంది, ఛార్జింగ్ అయిపోతే అసలే ఉండదు. పైగా చుక్క కదలకుండా ఉందంటే మీరు హాయిగా కూర్చుని మాట్లాడుతున్నారో ఇరుక్కుపోయారో చూసేవాళ్లకు తెలియదు. "వచ్చేశా" అన్న మెసేజే అసలైన కబురు.

కోడ్ మాట పెట్టుకోమంటారు. ఎలా వాడాలి?

ఎదురుగా ఉన్న మనిషికి అనుమానం రాకుండా ఆఫీసుకు చెప్పాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది. మామూలు ఆఫీసు మాటలా వినిపించాలి, రోజూ వాడే మాట మాత్రం కాకూడదు. ఉదాహరణకు "మేడమ్, పాత పసుపు రిజిస్టరు నా దగ్గరే ఉండిపోయింది". ఆఫీసులో పసుపు రిజిస్టరే లేదన్నమాట.

ఫోను ఎత్తినవాళ్లకు కూడా శిక్షణ ఉండాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. "ఏమైంది? ఎక్కడున్నావు?" అని కంగారుగా అరిస్తే ఫోను బయటికి వినిపించి మొత్తం బయటపడిపోతుంది. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి. "మొదట రాసిన ఇంట్లోనే ఉన్నావా? పోలీసుల్ని పంపమంటావా? బయటికి రాగలవా?" ఆ మాటను ఏడాదికోసారి మార్చండి, వెళ్లిపోయిన సిబ్బందికి కూడా తెలిసి ఉంటుంది కదా.

ఏ వేళకు వెళ్తే మంచిది?

మొత్తమ్మీద పొద్దున పూట. తాగుడు అలవాటున్నవాళ్లు కూడా ఆ వేళకు తెలివిలో ఉంటారు, వీధిలో జనం ఉంటారు. మన జిల్లాల్లో ఇంకొన్ని చూసుకోవాలి.

ఒకటో తారీకున ఇంటికే వచ్చి పింఛను ఇస్తారు. ముసలివాళ్ల చేతికి 4000 వచ్చిన సాయంత్రం ఆ డబ్బు కోసం ఇంట్లో పెనుగులాట జరిగే కొంపలు కొన్నుంటాయి. అలాంటి ఇంటికి ఆ సాయంత్రం వెళ్లకండి. రెండో తారీకు పొద్దున వెళ్తే డబ్బు ఏమైందో కూడా తెలుస్తుంది.

తీరం వెంబడి పల్లెల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు, ఆదాయం ఉండదు, చిన్న మాటకే చిరాకు. మామూలు రోజుల్లో ఆడవాళ్లతో ఒంటరిగా మాట్లాడగలిగిన ఇంట్లో ఈ రెండు నెలలూ కుదరదు. ఆ మాటలు అంగన్‌వాడీ కేంద్రంలో పెట్టుకోండి.

ఎండాకాలం పదకొండు లోపు ముగించుకోవాలి. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో అరగంట కూర్చున్నా చాలు, కళ్లు తిరుగుతాయి.

పెప్పర్ స్ప్రే కొనుక్కోవాలా? బ్యాగులో ఇంకేం ఉండాలి?

ఒక్కగది ఇంట్లో పెప్పర్ స్ప్రే కొడితే మీ కళ్లూ మండుతాయి, మంచం మీదున్న ముసలమ్మ కళ్లూ మండుతాయి. లాక్కుంటే మీ మీదే వాడతారు. రోడ్డు మీద కోసం పెట్టుకుంటానంటే పెట్టుకోండి, ఇంట్లో దాన్ని నమ్ముకోవద్దు. నా ఓటు ఈలకు. మెళ్లో వేసుకోకుండా బండి తాళానికి కట్టుకోండి. పవర్ బ్యాంకు, టార్చి, మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సబ్బు ముక్క, మాస్కు ఉండాలి. ముఖ్యమైన నంబర్లు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి ఉంచండి. బ్యాగు ఎంత తేలికైతే అంత మంచిది, అవసరమైతే వదిలేసి రాగలిగేదై ఉండాలి.

బంగారు గొలుసు ఇంట్లో పెట్టి వెళ్లండి. చున్నీ రెండు వైపులా పిన్ను పెట్టకుండా ఒక భుజానికే పెట్టుకుంటే ఎవరైనా లాగితే ఊడొస్తుంది. ఐడీ కార్డు తాడు కూడా లాగితే విడిపోయే రకం తీసుకోండి. కార్డు మీద ఆఫీసు నంబరే ఉండాలి, మీ ఇంటి అడ్రసు ఉండకూడదు.

## దారిలో

రొయ్యల గుంటల మధ్య నుంచి వెళ్లాలి. గట్ల మీద భయంగా ఉంటుంది.

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు కొన్ని ఇళ్లకు గట్టు తప్ప దారి లేదు. కాపలా కుక్కలుంటాయి, మోటార్లకు లాగిన వైర్లు నేల మీదే పడి ఉంటాయి, వాన పడితే బంకమట్టి మీద బండి జారుతుంది. కిలోమీటరు దూరంలో మనిషి కనిపించకపోవచ్చు. కాపలావాళ్ల ఫోను నంబరు ఊర్లో అడిగి తీసుకుని ముందే చెప్పండి, కుక్కల్ని కట్టేస్తారు. బండి గట్టు మొదట్లోనే, ఊరివైపు తిప్పి పెట్టండి. తడిచేతులతో వైర్లనూ స్టార్టర్ డబ్బానూ ముట్టుకోవద్దు. మధ్యాహ్నం మూడు దాటితే ఈ ఇళ్లను మర్నాటికి వేసుకోవడం మంచిది.

ఉదయగిరి కొండ వైపు సిగ్నలే ఉండదు. అప్పుడెలా?

సీతారామపురం, వరికుంటపాడు వైపు, అటు నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపు తిరిగేవాళ్లందరి ప్రశ్న ఇది. సిగ్నల్ ఆగిపోయే చోటు గుర్తుపెట్టుకోండి, అది ఏ మలుపైనా సరే, ఏ గుడైనా సరే. అక్కడ ఆగి "లోపలికి వెళ్తున్నా, ఒంటిగంటన్నరకి తిరిగి ఇక్కడికొస్తా" అని పంపండి. ఇంటర్నెట్ లేకపోయినా మామూలు ఎస్ఎంఎస్ పోయే అవకాశం ఉంది, అదే వాడండి. ఆఫీసులో చూసేవాళ్లు మీ ఫోను కోసం కాకుండా ఆ టైము కోసం కాచుకోవాలి. తండాకో గూడేనికో వెళ్లేటప్పుడు ఇద్దరు, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు.

వాన పడుతోంది. చప్టా మీద మోకాలి లోతే ఉంది, దాటొచ్చా?

వద్దు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనూ తుపాన్లతోనూ వస్తాయి. 2021 నవంబరులో పెన్న ఎలా పొంగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పారే నీళ్లు మోకాలి లోతున్నా బండిని లాగేస్తాయి, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కనిపించదు. ఆ రోజుల్లో పూరిళ్లలోకి, కట్టెలు పేర్చిన చోట్లకు పాములు కూడా చేరతాయి. పాము కాటేస్తే కట్టు కట్టకండి, కోయకండి. ఆ కాలో చెయ్యో కదపకుండా 108 ఎక్కి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఎవరో బండి మీద వెంట వస్తున్నట్టుంది.

ఇంటికి వెళ్లకండి, మీరు చూడబోయే ఇంటికీ వెళ్లకండి. జనం ఉన్న చోటికి పోనివ్వండి, పెట్రోలు బంకో టిఫిను సెంటరో ఏదో ఒకటి. అక్కడ ఆగి ఫోను చేయండి. బండి నంబరు చూడగలిగితే చూడండి, దానికోసం వెనక్కి మాత్రం తిరగొద్దు.

## గడప దగ్గర, ఇంట్లో

తలుపు కొట్టి ఎక్కడ నిలబడాలి? ఎక్కడ కూర్చోవాలి?

గేటు దగ్గర్నుంచే "అమ్మా, ఇంట్లో ఎవరున్నారు?" అని పిలవండి. కుక్క ఉంటే బయటికొస్తుంది, లోపల గొడవ జరుగుతుంటే వినిపిస్తుంది. తలుపుకు ఎదురుగా కాకుండా రెండడుగులు పక్కకు నిలబడండి. రమ్మన్నాక వాళ్లను ముందు నడవనిచ్చి వెనక వెళ్లండి. తలుపుకు గడియ ఎటుందో, లోపల వేస్తారేమో చూసుకోండి. వేయబోతే "ఉక్కగా ఉందమ్మా, తీసే ఉంచండి" అంటే ఎవరూ తప్పుపట్టరు.

చెప్పులు బయట విడవక తప్పదు. విడిచేటప్పుడు ముందుభాగం వీధివైపు ఉండేలా పెట్టండి, వచ్చేటప్పుడు కాలు పెట్టి నడిచిపోవచ్చు. బకిల్స్ ఉన్నవి ఫీల్డుకు వద్దు. అవసరమైతే చెప్పులు వదిలేసి పరుగెత్తాలి.

వరండాలోనో అరుగు మీదో కూర్చోగలిగితే అంతకన్నా మంచి చోటు లేదు. లోపలే అయితే తలుపుకు దగ్గరగా, మీకూ తలుపుకూ మధ్య ఎవరూ లేకుండా. చాప వేస్తే దాని చివర, గోడకు ఆనకుండా. మంచం మీద, మెత్తటి సోఫాలో కూర్చుంటే లేవడం ఆలస్యమవుతుంది. వంటింట్లోకి పిలిచినా ముందుగదిలోకే తీసుకురండి. పొయ్యి మీద నూనె, నేల మీద కత్తిపీట, పక్కన రోకలి, వేడెక్కిన మనిషికి అన్నీ అందుబాటులో ఉండేది అక్కడే. కూర్చోగానే ఒకసారి చూరు వైపు చూడండి. మన పల్లెల్లో కొడవలి దూర్చేది అక్కడే. అది ఉండటంలో తప్పేమీ లేదు, ఎక్కడుందో మీకు తెలిస్తే చాలు.

"ఎవురు పంపిచ్చారు మిమ్మల్ని?" అని గట్టిగా అడుగుతారు. ఏం చెప్పాలి?

అది వాళ్లిల్లు, అడగడం వాళ్ల హక్కు. కార్డు చూపించి పేరు, ఆఫీసు, వచ్చిన పని ఒక్క వాక్యంలో చెప్పండి. "మీకు వీలు కాకపోతే ఇంకోరోజు వస్తాను" అని మీరే అనండి. ఆ మాటతో సగం కోపాలు దిగిపోతాయి. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. మీరు వెళ్లిపోయాక కొట్లాట పక్కింటి మీదికి పోతుంది.

మంచినీళ్లు, టీ ఇస్తే తీసుకోవచ్చా?

తీసుకోండి. దళితవాడలో, యానాది కాలనీలో ఇచ్చిన నీళ్లు వద్దంటే భద్రత కోసం అనుకోరు, కులం చూశారని అనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు కూడా, చాలామంది అందుకే వద్దంటారు. ఆ ఇంటి దగ్గర మీ మీద నమ్మకం అక్కడితో పోతుంది, నమ్మకం పోయిన ఇంట్లో మీకు రక్షణ తక్కువ. ఇల్లే తేడాగా అనిపిస్తుంటే నీళ్లు తాగడం గురించి కాదు ఆలోచించాల్సింది, లేచి వచ్చేయడం గురించి.

హాజరు కోసం ఇంట్లో ఫోటో తీసి పెట్టమంటున్నారు. దానికే గొడవలవుతున్నాయి.

అవుతాయి. ఎవరింట్లోకో వెళ్లి ఫోను ఎత్తితే ఎవరికైనా కోపం వస్తుంది, ఆడపిల్లలున్న ఇంట్లో మరీను. ఫోటో తప్పనిసరైతే వచ్చేటప్పుడు గేటు బయట నిలబడి మీ ఒక్కరిదే తీసుకోండి. ఆఫీసులకు నా మాట ఒకటుంది. హాజరు కోసం పెట్టిన యాప్ సిబ్బందిని దెబ్బలు తినిపిస్తుంటే ఆ యాప్‌ను మార్చండి.

మేము మగవాళ్లం. మాకు ఇవన్నీ దేనికి?

మగవాళ్లనే ముందు కొడతారు. ఒంటరి ఆడమనిషి ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి ఉంటే వీధి మొత్తం ఒక కథ అల్లేస్తుంది. అరుగు మీదే కూర్చోండి, ఆశాను పక్కన ఉంచుకోండి. డబ్బు, ఏటీఎం కార్డు, ఓటీపీ ముట్టుకోకండి. ముసలమ్మ బతిమాలినా సరే. రేపు బ్యాంకులో తేడా వస్తే మొదటి పేరు మీదే.

భర్త కొడుతున్నాడని ఫిర్యాదు. నేను మాట్లాడుతుండగానే ఆయన వచ్చేస్తే?

వెళ్లగానే ఆమెతో ఒక సాకు అనుకోండి. "ఎవరన్నా వస్తే పోషకాహారం సర్వే అని చెప్దాం." ఆయన గడపలో కాలు పెట్టగానే గుడ్లు, పాలు, రక్తహీనత గురించి మాట్లాడండి. అసలు విషయం రాసిన కాగితం బయట ఉండకూడదు, కరపత్రం వదిలి రాకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె నోటికి వచ్చేలా చేయండి, రాసి ఇవ్వకండి. అక్కడికక్కడే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయాలని ఎప్పుడూ ప్రయత్నించొద్దు. మీరు గెలిచినట్టు బయటికొస్తారు, ఆ రాత్రి దెబ్బలు ఆమెకు పడతాయి. మిగతా మాటలు హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలోనో పీహెచ్‌సీలోనో జరగాలి.

బాల్య వివాహం జరగబోతోందని తెలిసింది. వెళ్లి నచ్చజెప్పనా?

ఒక్కరే వెళ్లొద్దు. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు, పోలీసులకు చెప్పండి. అందరూ కలిసే వెళ్లాలి. రాజస్థాన్‌లో భఁవరీ దేవి అనే సాథిన్, అంటే మన ఆశా లాంటి గ్రామ కార్యకర్త, బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ప్రభుత్వం చెప్పిన పనే ఆమె చేసింది, ఊళ్లో మాత్రం ఒంటరిదైంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలకు, తర్వాత 2013లో వచ్చిన పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టానికి మూలం ఆ ఘటనే.

మానసిక అనారోగ్యం ఉన్న మనిషి ఒక్కసారిగా కేకలు వేస్తే?

ఆయన భయపడుతున్నాడని అనుకోండి, చాలావరకు అదే నిజం. గొంతు తగ్గించండి, దూరం పెంచండి, ముట్టుకోకండి. "అదంతా నీ భ్రమ" అని వాదించొద్దు, "అవును నిజమే" అని వంత పాడొద్దు. ఒకరే మాట్లాడాలి, టీవీ కట్టేయించండి. శాంతించకపోతే బయటికి వచ్చి ఇంట్లోవాళ్లతో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయించండి. ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే 112కి, 108కి.

## గొడవ ముదిరితే

ఎప్పుడు లేచి వచ్చేయాలి? కారణం చెప్పాలా?

అనుమానం వచ్చినప్పుడే. గొంతు పెరగడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, గదిలో అటూ ఇటూ తిరగడం, పిల్లల్ని బయటికి పంపేయడం. చివరిది గమనిస్తే ఒక్క క్షణం కూడా ఆగొద్దు. కారణం చెప్పక్కర్లేదు. "బండిలో ఫారం మర్చిపోయా, తెస్తా" అని వచ్చి బండెక్కి వెళ్లిపోండి. అబద్ధమే, ఫర్వాలేదు.

తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. కత్తి తీశాడు.

నెట్టుకుని పోవద్దు, చేతిలోది లాక్కోవద్దు. చేతులు కనిపించేలా ఉంచండి, ఆయన అడిగింది ఒప్పుకోండి. "సరేనన్నా, పింఛను సంగతి రేపే రాయిస్తా. సార్‌తో ఇప్పుడే మాట్లాడతా." ఆ హామీలకు మీరు కట్టుబడక్కర్లేదు. మధ్యలో కుర్చీయో మంచమో ఉండేలా జరగండి. దారి దొరికిన క్షణం బయటికి, బ్యాగు కోసం, ఫోను కోసం, చెప్పుల కోసం ఆగకుండా. వీధిలోకి వచ్చాక గట్టిగా అరవండి, పేరు తెలిసిన పక్కింటివాళ్లను పేరు పెట్టి పిలవండి. పేరు వింటే మనిషి బయటికి వస్తాడు.

112, 181, శక్తి యాప్. ఏది నొక్కాలి?

ప్రాణం మీదికి వస్తే 112. మిగతావి గుర్తు రాకపోయినా ఫర్వాలేదు. శక్తి యాప్ ఆంధ్రప్రదేశ్ పోలీసులది, 2025 మార్చి 8న మార్కాపురంలో ప్రారంభించారు. అందులో ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది, ముందే రిజిస్టర్ చేసుకోండి. పాత దిశ యాప్ ఫోన్లో ఉందని ధీమాగా ఉండకండి. 181 ఆడవాళ్లకు సలహా, సాయం కోసం. 1098 పిల్లలకు. 14567 వృద్ధులకు.

సగంలో వచ్చేస్తే ఆ విజిట్ లెక్కలోకి రాదంటున్నారు.

ఇలాంటి లెక్కల వల్లే మనుషులు దెబ్బలు తింటారు. టార్గెట్ తగ్గుతుందని ఇంకో పది నిమిషాలు కూర్చుంటారు, జరగకూడనిది ఆ పది నిమిషాల్లోనే జరుగుతుంది. "భద్రత కారణంగా మధ్యలో ముగించాం" అని ఫారంలో ఒక గడి పెట్టించండి. ఆ గడి టిక్ పెట్టిన విజిట్ పూర్తయిన విజిట్ కింద లెక్కపడాలి.

## వచ్చేశాక

కుక్క కరిచింది, చిన్న గాటే. సూది గుచ్చుకుంటే?

కుక్క గాటు చిన్నదైనా సబ్బుతో, కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం పెట్టకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే టీకా ఉచితం. చేతికి వేసే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చిన గాటైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కూడా వేయాలి, మీరే అడగండి. సూది గుచ్చుకుంటే పిండకుండా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు.

తిట్టారంతే, కొట్టలేదు. రిపోర్టు రాయాలా?

రాయండి. మూడుసార్లు తిట్టిన ఇంట్లోనే నాలుగోసారి చెయ్యి లేస్తుంది. మొదటి మూడూ ఎక్కడా రాసి లేకపోతే నాలుగోసారి కొత్తగా చేరిన అమ్మాయి వెళ్తుంది.

రిజిస్టరులో "ప్రమాదకరమైన ఇల్లు" అని రాయొచ్చా?

ముద్ర వేయకండి, జరిగింది రాయండి. "తాగుబోతు కుటుంబం" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "ఫలానా తేదీ సాయంత్రం ఆరింటికి రెండో కొడుకు తాగి ఉన్నాడు, కర్ర ఎత్తాడు, తల్లి ఆపింది" అంటే తర్వాత వెళ్లేవాళ్లకు వేళ తెలుస్తుంది, మనిషి తెలుస్తాడు, ఎవరు మనవైపు ఉంటారో తెలుస్తుంది. ఆరు నెలలకోసారి చూసి, ఆ మనిషి ఊరు వదిలి వెళ్లిపోతే ఆ నోటు తీసేయాలి.

ఇంకా ముఖ్యమైంది, కాలనీ మొత్తాన్ని రాయొద్దు. "ఆ ఎరుకల వీధికి జాగ్రత్త" అనే మాట ఇప్పటికీ శిక్షణల్లో వినిపిస్తోంది. బ్రిటిష్‌వాళ్ల కాలంలో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని కావలి ఊళ్లోని సెటిల్మెంటులో, అంటే నిఘా కాలనీలో, పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో రద్దయింది, మాట మాత్రం మన నోట్లోంచి పోలేదు. ప్రమాదం ఫలానా మనిషి వల్ల, ఫలానా వేళ వస్తుంది. కులం చూసి భయపడేవాళ్లు పెద్ద మేడలో ఉన్న అసలు మనిషిని అనుమానించరు.

ఆ ఇంటాయన రాత్రిళ్లు నా ఫోనుకు చేస్తున్నాడు.

తిట్టొద్దు, జవాబివ్వొద్దు. కాల్ లిస్టు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసుకు పంపాకే బ్లాక్ చేయండి. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో చెప్పడానికి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, "ఉద్యోగం మానెయ్" అంటారని. అందుకే ఫీల్డు సిబ్బందికి ఆఫీసు సిమ్ ఇవ్వాలి. నెలకు రీఛార్జి ఖర్చు ఎంతవుతుంది గనక.

చెయ్యి పట్టుకున్నాడు. బయటివాడు, ఆఫీసువాడు కాదు. ఆఫీసుకు ఏం సంబంధం?

సంబంధం ఉంది. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం ప్రకారం ఉద్యోగం పని మీద వెళ్లిన ఏ చోటైనా పని ప్రదేశమే. గౌరవ వేతనం మీద, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు కూడా దాని కిందికి వస్తారు. వేధించినవాడు బయటివాడైతే పోలీసు కేసుకు సాయం చేయడం యజమాని బాధ్యత. ఫిర్యాదు మూడు నెలల లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. పదిమంది కన్నా తక్కువ ఉన్న సంస్థల వాళ్లు జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు.

ప్రభుత్వ ఉద్యోగిని విధుల్లో ఉండగా కొడితే న్యాయ సంహిత 132వ సెక్షన్ ఉంది. స్వచ్ఛంద సంస్థల వాళ్లకు అది వర్తించదు, మామూలు సెక్షన్లు అందరికీ వర్తిస్తాయి.

స్టేషనుకు వెళ్తే "మా పరిధి కాదు" అన్నారు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. స్టేషనుకు ఒక్కరే వెళ్లొద్దు, సూపర్‌వైజర్ వెంట రావాలి.

యాక్సిడెంట్ అయితే ఖర్చు ఎవరిది?

ఉద్యోగంలో చేరేరోజే అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్న. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందా, ఫీల్డులో బండి ప్రమాదానికి వర్తిస్తుందా, కాగితం చూపించమనండి. అది కాకుండా మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు.

అయిపోయి వారమైంది, ఇంకా నిద్ర పట్టట్లేదు. మళ్లీ ఆ ఇంటికి నేనే వెళ్లాలా?

నిద్ర పట్టకపోవడం, గేటు చప్పుడైతే ఉలిక్కిపడటం కొన్నాళ్లు ఉంటాయి. నెల దాటినా తగ్గకపోతే టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. సూపర్‌వైజర్లు "నువ్వేం అన్నావు వాడితో?" అని మొదలుపెట్టకండి. మొదట ఇంటికి చేర్చండి, రిపోర్టు మర్నాడు రాయించుకోవచ్చు.

ఆ ఇంటికి మీరు వెళ్లక్కర్లేదు. ఆ ఇంట్లో మంచం మీదున్న ముసలాయనకు మాత్రం ఎవరో ఒకరు వెళ్లాలి, ఆయన తప్పేమీ లేదు. కొట్టిన కొడుకుని సచివాలయానికి పిలిపించి, ఎస్ఐ ఎదుట మాట్లాడి, ఆ కొడుకు పనికి వెళ్లే వేళ చూసుకుని, ఇద్దరు సిబ్బంది వెళ్లాలి. మొదటి రెండుసార్లు ఆ ఇద్దరిలో ఒకరు సూపర్‌వైజరే అవ్వాలి.